ఎనిమిదేళ్ళ పంతులుగారు

మీలో ఎవరైనా ఎప్పుడైనా ఇంకొకరి కుర్చీలో కూర్చున్నారా? పెళ్ళిలో పక్కావిడ మంచినీళ్ళకి లేస్తే చటుక్కున కూర్చోవడం కాదు నేను చెప్పేది. ఇంకొకరు చేసే పని, ఇంకొకరికి అలవాటైన మనుషులు, ఇంకొకరు సర్దుకున్న బల్ల సొరుగు, అన్నీ నాలుగు రోజులు మనవి అనుకుని కూర్చోవడం. ఆ కుర్చీ ఎంత ఎత్తో, దాని చెక్క ఎక్కడెక్కడ గుచ్చుకుంటుందో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

నేను కూర్చున్నాను. 2003లో దసరా సెలవులై బళ్ళు తెరిచాక, మున్నేటి ఒడ్డున ఒక ఊళ్ళో, ఆడపిల్లల హైస్కూల్లో. ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పే టీచరుగారు పురుటికి వెళ్ళారు. ఆవిడ తిరిగి వచ్చేవరకు ఎవరో ఒకరు కావాలి. దాన్నే మనవాళ్ళు లీవు వేకెన్సీ అంటారు. పేరులోనే ఉంది చూడండి, అందులో లీవూ ఉంది, వేకెన్సీ ఉంది, వచ్చిన మనిషి మాత్రం ఎక్కడా లేదు. అప్పటికి నాకు పెళ్ళై ఏడాది. బి.ఎ. పట్టా ఇనప్పెట్టెలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. మా అత్తగారు విని, "మూణ్ణెల్ల ముచ్చటే కదమ్మా, వెళ్ళిరా. పెళ్ళిలో పెట్టిన చీరలన్నీ మడతలు విప్పినట్టూ ఉంటుంది" అన్నారు.

ముందురోజు రాత్రి అద్దం ముందు నిలబడి పాఠం వల్లించుకున్నాను. చరిత్ర చదువుకున్నదాన్ని, మార్కులూ బాగానే వచ్చినదాన్ని, ఎనిమిదో తరగతి పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పలేకపోతానా అని ధీమా. తెల్లారి హెడ్మిస్ట్రెస్ గారు ఒక డస్టరు, రెండు సుద్దముక్కలు, హాజరు పట్టీ నా చేతిలో పెట్టి, "ఆ చివరి గదమ్మా, వెళ్ళండి" అన్నారు. నాకు జరిగిన శిక్షణంతా అదే.

నలభై ముగ్గురు పిల్లలు లేచి నిలబడి రాగం తీస్తూ నమస్తే చెప్పారు. కూర్చోమన్నాను. నదుల పాఠం. హిమాలయాల్లో పుట్టినవి ఏవి, పడమటి కనుమల్లో పుట్టినవి ఏవి అని ఇరవై నిమిషాలు ఏకధాటిగా చెప్పాను. ఒక్కళ్ళు అల్లరి చేయలేదు. అబ్బ, ఎంత బుద్ధిమంతులు అనుకుంటుంటే మూడో బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. సందేహం వచ్చిందంటే పాఠం తలకెక్కిందన్నమాటే కదా, మహా సంబరంగా అడగమన్నాను.

"మా టీచరెప్పుడొస్తారండీ?"

క్లాసంతా కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వు తెచ్చుకుని, "నేనూ మీ టీచర్నేనమ్మా" అన్నాను.

"అదేనండీ, మా టీచరు" అంది.

ఆ సాయంత్రం మావారు కాఫీ తాగుతూ, "ఎలా ఉంది ఉద్యోగం?" అనడిగారు. "కుర్చీ బాగానే ఉంది" అన్నాను. రాత్రంతా ఒకటే ఆలోచన. మర్నాడు ఏ మొహంతో వెళ్ళడం?

ఆ మర్నాటి సంగతి తరవాత చెప్తాను. ముందు మీకొక కథ చెప్పాలి. కథంటే కట్టుకథ కాదు, చరిత్రే. ఆ రాత్రికి నాకది తెలీదు. చాలా ఏళ్ళ తరవాత చదివినప్పుడు, అయ్యో, ఇది అప్పుడే తెలిసుంటే కాస్త నిద్రపట్టేది కదా అనుకున్నాను.

మద్రాసులో ఎగ్మూరు స్టేషను మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దక్షిణాది యాత్రలకి వెళ్ళేవాళ్ళు మూటా ముల్లే దింపుకుని, పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ రైలు మారే చోటు. ఆ స్టేషను 1908లో తెరిచారు. అంతకుముందు ఆ ప్రాంతంలో ఎగ్మూరు కోట అని చిన్న కోట ఉండేది. కంపెనీవారి రోజుల్లో అక్కడ సైనికుల మగపిల్లల కోసం ఒక అనాథాశ్రమం నడిచింది. తండ్రులు తెల్ల సిపాయిలు. చాలామందికి తల్లులు ఈ దేశపు ఆడవాళ్ళు. తండ్రి యుద్ధంలో పోయాడో, జబ్బుచేసి పోయాడో, పిల్లవాడికి దిక్కులేకపోతే ఈ ఆశ్రమం అన్నం పెట్టి చదువు చెప్పించేది.

1789లో ఈ ఆశ్రమాన్ని చూసుకోవడానికి ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఒప్పుకున్నాడు. స్కాట్లండులో సెంట్ ఆండ్రూస్ ఆయన ఊరు. ఇండియాకి వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఆశ్రమం పనికి తనకి జీతం వద్దన్నాడు. పాపం ఎంత త్యాగం అనుకోకండి, సైన్యంలో పాదిరీ కొలువులు వేరే కొన్ని ఆయన చేతిలో ఉన్నాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పిల్లల మీద మాత్రం ఆయనకి నిజంగా ధ్యాస ఉండేది. ఆయన బాధల్లా ఆశ్రమంలో పాఠాలు చెప్పే పెద్దవాళ్ళతోనే. అక్షరాల తరగతిలో పిల్లలు నెలల తరబడి ఉన్నచోటే ఉండేవారు.

ఒకరోజు పొద్దున్నే గుర్రం మీద వెళుతూ ఆయన ఒక వీధిబడి చూశాడు. ఆ రోజుల్లో దొరలు తమిళాన్ని కూడా మలబారు అనేవారు, అంచేత ఆయన రాతల్లో అది మలబారు బడి. పిల్లలు నేలమీద బారుగా కూర్చున్నారు. ముందు ఇసక పరిచి ఉంది. వేలితో అక్షరం రాయడం, అరచేత్తో చెరపడం, మళ్ళీ రాయడం. మనకి ఇందులో వింతేముంది? గుంట ఓనమాలు దిద్దించుకున్న తాతయ్యలు మన ఇళ్ళల్లో ఉండేవారు. దొరగారికి మాత్రం అది అద్భుతంగా తోచింది. కాగితం లేదు, కలం లేదు, పలక కూడా లేదు, అయినా పిల్లలు రాసేస్తున్నారు! పరుగున ఆశ్రమానికి వచ్చి, అక్షరాల తరగతి చెప్పే ఆసామిని పిలిచి, రేపట్నించి ఇసకలో దిద్దించమన్నాడు.

ఆ ఆసామి వల్లకాదన్నాడు. వల్లకాదన్నాడో, తన హోదాకి తగదనుకున్నాడో! ఎన్నో ఏళ్ళుగా ఒక పద్ధతిలో చెప్తున్న మనిషి, ఎవరో వీధిబడి పిల్లలు చేసినట్టు నేలమీద ఇసక పోసుకు కూర్చోమంటే ఎవరికి మనస్కరిస్తుంది? బెల్ దొర ఒకటి రెండుసార్లు చెప్పి చూశాడు. పని జరగలేదు. అప్పుడు ఆయన ఆశ్రమం పిల్లల్లోంచే ఒకణ్ణి పిలిచాడు. పేరు జాన్ ఫ్రిస్కెన్. మామూలు సిపాయి కొడుకు. వయసు ఎనిమిదేళ్ళు.

"ఈ తరగతి నీది" అన్నాడు.

మన ఇళ్ళల్లో ఎనిమిదేళ్ళవాణ్ణి పక్కవీధి కొట్టుకి పంచదారకి పంపాలన్నా రెండుసార్లు ఆలోచిస్తాం. ఆ ఎనిమిదేళ్ళవాడు పెద్ద మాష్టారి బదులు తరగతి ముందుకొచ్చాడు. ఆ మాష్టారు జరగదన్నది జరిగింది. పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దారు, నేర్చేసుకున్నారు. బెల్ ఆ తరగతిని అతనికే ఉంచేశాడు. తరవాత మిగతా తరగతుల్లోకి కూడా కాస్త తెలిసిన కుర్రాళ్ళని ఒక్కొక్కణ్ణే దింపాడు. కొన్నాళ్ళకి ఆశ్రమం బడి అంతా పిల్లలకి పిల్లలే చెప్పుకునే బడి అయిపోయింది.

చరిత్రలో ఇంకా ఎంతమంది బదులు మాష్టర్లు ఉన్నారో గాని, నాకు తెలిసినంతలో ఈ ఎనిమిదేళ్ళ పంతులుగారంతటి పంతులు లేడు. అతనికి ఎలా సాధ్యమైందని నాకు నేనే ప్రశ్న వేసుకున్నాను. అతనికి పెద్ద చదువు లేదు, చేతిలో బెత్తానికి తగ్గ భుజబలం లేదు. ఉన్నదల్లా ఒక్కటే. అక్షరం రానప్పుడు ఎలా ఉంటుందో అతనికి గుర్తుంది. నిన్నమొన్నటి మాట కదా! పెద్దాయన అది మర్చిపోయి ఎన్నేళ్ళయిందో. పైగా ఇసకకి ఒక సుగుణం ఉంది. కాగితం మీద తప్పు రాస్తే అది రేపటికీ ఉంటుంది, అమ్మకి కనబడుతుంది, అయ్యగారికి కనబడుతుంది. ఇసకలో తప్పు రాస్తే అరచేత్తో ఒక్క రుద్దు. ఎవరికీ తెలీదు. తప్పుకి సాక్ష్యం మిగలనిచోట పిల్లలు భయపడకుండా రాస్తారు.

ఇప్పుడు నా మర్నాటి సంగతి. నాకు ఫ్రిస్కెన్ తెలీదు, బెల్ తెలీదు. తెలిసిందల్లా నా పాఠం వీళ్ళకి ఎక్కలేదన్నది. క్లాసులోకి వెళ్ళి పుస్తకం బల్లమీద పెట్టేసి, మూడో బెంచీ అమ్మాయిని లేపాను. "నదుల పాఠం మీ టీచరు ఎలా చెప్తారో చెప్పమ్మా" అన్నాను. అది తెలివి అనుకునేరు, గత్యంతరం లేకపోవడం.

"చెప్పడం కాదండీ, గీయాలండీ" అంది ఆ పిల్ల.

చెప్పిందే తడవు నలుగురు లేచి బెంచీలు గోడకి జరిపేశారు. నా చేతిలో సుద్దముక్క నా చేతిలోంచే మాయమైంది. చూస్తుండగా గది నేలమీద చాపకంటే పెద్దగా భారతదేశం తయారైంది. కాశ్మీరు కాస్త వంకరగా ఉంది గాని, కన్యాకుమారి చక్కగా కుదిరింది. అప్పుడు ఒక్కొక్క పిల్లా వచ్చి తన చోట నిలబడింది. "నేను గంగనండీ." "నేను నర్మదనండీ, అందరూ ఇటు పోతే నేను అటు పోవాలి." "తపతిని కూడానండీ, మేమిద్దరం జట్టు." ప్రతి పిల్లకీ ఆ టీచరుగారు ఒక నదో, ఒక ఊరో, ఒక కొండో ఇచ్చి ఉంచారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే వెనకనుంచి ఒక సన్నటి గొంతు, "టీచర్, తప్పుకోండి, మీరు కావేరిలో నుంచున్నారు!"

తప్పుకున్నాను. ఆ క్షణంలో నాకు బడి మొదలైంది.

ఆ రోజు నాకు పాఠం చెప్పిన గురువుగారి వయసు పదమూడు. ఫ్రిస్కెన్ కంటే అయిదేళ్ళు పెద్ద.

సరే, మళ్ళీ చరిత్రలోకి వద్దాం. బెల్ దొర 1796లో స్వదేశం వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు లండన్లో తన ప్రయోగం మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. అక్కడ జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇంకొకాయన కూడా బీదపిల్లల బడిలో ఇలాగే పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకి చెప్పిస్తున్నాడు. ఇది ముందు నేను కనిపెట్టానంటే నేను కనిపెట్టానని ఇద్దరి పక్షాలూ ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నాయి. ఆ పోట్లాట చదువుతుంటే నవ్వొస్తుంది. ఎంచేతనంటే కనిపెట్టినవాళ్ళు ఆ ఇసకలో వేళ్ళు పెట్టి కూర్చున్న పిల్లలూ, వాళ్ళ పంతుళ్ళూను. వాళ్ళు లండన్ వెళ్ళి పేచీ పెట్టలేదు కదా.

వాళ్ళ తరఫున సాక్ష్యం ఒకరు చెప్పారు. అది మన ప్రాంతం నుంచే వెళ్ళింది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా జిల్లాకీ తాఖీదు పంపి, మీ మీ జిల్లాల్లో బళ్ళు ఎన్ని, పిల్లలు ఎంతమంది, ఏం చదువుతున్నారు అని లెక్క అడిగాడు. మన రాయలసీమ వాళ్ళు ఇప్పటికీ తలుచుకునే మన్రో దొరే ఈయన. బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ 1823లో పంపిన జవాబు చదివితే మన వీధిబడి కళ్ళకి కడుతుంది. అప్పటి బళ్ళారి జిల్లాలో మొత్తం 533 బళ్ళు. అందులో 226 తెలుగు బళ్ళు. పొద్దున్నే అందరికంటే ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులుగారు సరస్వతి పేరు రాస్తారట. రెండోవాడి చేతిలో సున్న. పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లిగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరస పెరుగుతూ పోతుంది. ఆఖరున వచ్చినవాడి గతి మీరే ఊహించుకోండి!

ఆ జవాబులోనే క్యాంబెల్ ఇంకో సంగతి రాశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పే ఏర్పాటు ఈ బళ్ళల్లో ఎప్పటినుంచో ఉందనీ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం న్యాయమేననీ మెచ్చుకున్నాడు. మన వాకిట్లో మొక్కనే సీమకి పట్టుకెళ్ళారని ఒక దొరే ఒప్పుకున్నాడన్నమాట.

ఆ లెక్కలోనే ఇంకో అంకె ఉంది. చదివినప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది. ఆ జిల్లా బళ్ళన్నిట్లో కలిపి పిల్లలు ఆరువేల పైచిలుకు. అందులో ఆడపిల్లలు 60 మంది. సరస్వతి పేరు రాయించుకునే వరసలో సరస్వతులు లేరు.

ఎందుకు లేరంటే చాలా కారణాలున్నాయి గాని, ఒక కారణం మాత్రం తరవాత కూడా యాభై అరవై ఏళ్ళు వెంటాడింది. చెప్పడానికి ఆడవాళ్ళు లేరు. మగ పంతులు దగ్గరికి తొమ్మిదేళ్ళు దాటిన పిల్లని పంపరు. పంపకపోతే ఆ పిల్ల చదవదు. చదవకపోతే రేపు పంతులమ్మ అవదు. పంతులమ్మ లేకపోతే రేపటి పిల్లకీ ఇదే గతి. 1866లో మేరీ కార్పెంటర్ అనే ఇంగ్లీషు ఆవిడ దాదాపు అరవై ఏళ్ళ వయసులో ఓడెక్కి ఇండియా వచ్చి ఎన్నో ఆడపిల్లల బళ్ళు చూసింది. ఎక్కడ చూసినా మగ పంతుళ్ళే. ముందు పంతులమ్మల్ని తయారుచేయండి మహాప్రభో అని సర్కారు వెంటపడింది. 1870లో మద్రాసులో ఆడవాళ్ళ కోసం ఉపాధ్యాయ శిక్షణ బడి వచ్చింది. బడి వచ్చింది సరే, అందులో చేరేదెవరు? పెళ్ళైన ఆడదాన్ని ఇంట్లోంచి కదలనివ్వరాయె.

ఆ ముడి విప్పిన ఆవిడ పేరు సుబ్బలక్ష్మి. సిస్టర్ సుబ్బలక్ష్మి అంటారు. 1886లో పుట్టింది. పసితనంలోనే పెళ్ళి, పసితనంలోనే వైధవ్యం. తండ్రి ధైర్యం చేసి చదివించాడు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఎ. పూర్తిచేసింది. మరుసటి ఏడాది తనలాంటి చిన్న వితంతువుల్ని కొందరిని తన ఇంట్లోనే ఉంచుకుని చదువు చెప్పించడం మొదలుపెట్టింది. రేపు వాళ్ళు పంతులమ్మలై తమ కాళ్ళమీద తాము నిలబడాలని ఆవిడ పట్టు. తరవాత ఆ ఇల్లు చాలక సముద్రపు ఒడ్డున ఉన్న ఐస్ హౌస్ కి మారారు. మొదలుపెట్టిన ఇల్లు ఎక్కడో తెలుసా? ఎగ్మూరులోనే. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఇసకలో పాఠం చెప్పిన ఆ పేటలోనే.

వంటింటి మూలనో, పెరటి గదిలోనో ఉండమన్న పిల్లలు, నల్లబల్ల ముందు మొదటిసారి నిలబడిన రోజు ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే, నా మొదటి రోజు ఎంత! నాకు కిసుక్కున ఒక నవ్వు ఎదురైంది. వాళ్ళకి వీధి వీధంతా ఎదురైంది. అయినా నిలబడ్డారు. ఈవేళ మనింటి ఆడపిల్ల టీచరు ఉద్యోగానికి వెళ్తానంటే "ఆడవాళ్ళకి తగిన ఉద్యోగం" అంటాం చూశారా, ఆ తగినతనం అల్లా నిలబడ్డవాళ్ళు సంపాదించి పెట్టినదే.

ఇంతవరకు తీపి. చేదు కూడా చెప్పుకోవాలి. ఫ్రిస్కెన్ కథలో పెద్దలు నేర్చుకున్న నీతి ఏమిటనుకుంటున్నారు? పిల్లవాడికి పిల్లవాడి మనసు తెలుస్తుందన్నది కాదు. ఒక్క మాష్టారి జీతంతో వందలమందికి చదువు చెప్పించవచ్చునన్నది. ఇంగ్లండులో ఆ పద్ధతి చప్పున వ్యాపించడానికి ముఖ్య కారణం అది చవక. అయితే చిన్నవాళ్ళు చెప్పించగలిగింది వల్లెవేయించడం వరకే. చివరికి 1846లో అక్కడి సర్కారు, పదమూడేళ్ళు నిండినవాళ్ళని అయిదేళ్ళపాటు సరైన మాష్టారి దగ్గర శిష్యరికం చేయించే ఏర్పాటు తెచ్చింది. బదులు మనిషి పనికొస్తాడు గాని, వాడికీ ఎవరో ఒకరు నేర్పాలని అప్పటికి తెలిసొచ్చింది.

మన దగ్గరా అంతే. మన్రో 1826లో లెక్కలన్నీ చూసి, ఇక్కడి పంతుళ్ళకి నెలకి ఆరేడు రూపాయలకి మించి రావడంలేదు, అంత తక్కువకి మంచివాళ్ళు ఎందుకొస్తారు అన్నాడు. జిల్లా బడి పంతులుకి 15 రూపాయలు, తాలూకా బడి పంతులుకి 9 రూపాయలు ఇవ్వాలని రాశాడు. మరుసటి ఏడే పత్తికొండలో కలరా తగిలి పోయాడు. 1980లలో మన రాష్ట్రంలో నెలకి 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లని వేశారు. ఆ అంకే వాళ్ళకి పేరైపోయింది, 398 టీచర్లు! కన్నవాళ్ళు పెట్టిన పేరు పోయి, సర్కారు ఇచ్చిన జీతం పేరుగా మిగిలినవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలీదు. ఆ తరవాత విద్యా వాలంటీర్లు వచ్చారు. చేసేది పంతులు పనే, చెప్పేది అవే పాఠాలు. బడి మూసే రోజు రాగానే, మళ్ళీ జూన్లో పిలుస్తారో లేదోనని బెంగ.

నా జీతం ఎంతని అడక్కండి. మూడు నెలల్లో ఒక మంచి చీర కొనుక్కున్నాను. మా అత్తగారి లెక్క తప్పలేదు.

మరి ఇంత చిన్నచూపు చూసే ఈ బదులు టీచరు లేకపోతే ఏమవుతుంది? ప్రసూతి సెలవు సంగతే చూడండి. 1961లో వచ్చిన ప్రసూతి చట్టం 12 వారాలు ఇచ్చింది. 2017లో దాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు చేశారు. మంచిదే. ఆ చట్టం రాసినవాళ్ళని అందరం మెచ్చుకుంటాం. ఒక తల్లి తన పసిబిడ్డ పక్కన నిశ్చింతగా పడుకుందంటే, ఎక్కడో ఇంకొకతె ఆవిడ కుర్చీలో కూర్చుని, "మా టీచరెప్పుడొస్తారండీ" అనిపించుకుంటోందన్నమాట. చట్టంలో ఆవిడ మాట లేదు.

నా 84 రోజులు సంక్రాంతి వెళ్ళాక పూర్తయ్యాయి. ఆ ముందురోజే ఆ టీచరుగారు పొత్తిళ్ళలో బిడ్డనెత్తుకుని బడికి వచ్చారు. పిల్లలంతా తేనెటీగల్లా మూగారు. బిడ్డని ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుంటున్నారు. ఆవిడ గది గుమ్మంలో నిలబడి, నేలమీద సుద్దతో గీసిన పటాన్ని చాలాసేపు చూశారు. వారం వారం కొత్తగా గీస్తూనే ఉన్నాం. ఆ వారం పంటల పటం. వరి దగ్గర నిజంగానే నాలుగు వడ్లగింజలు పోశారు పిల్లలు. ఆవిడ ఏమీ అనలేదు.

స్టాఫ్ రూములో మేమిద్దరమే ఉన్నప్పుడు, బిడ్డ తల నిమురుతూ మెల్లిగా అడిగారు. "ఏమీ అనుకోకండేం. పిల్లలు నన్ను అడిగేవారా?"

నాకు ఒక్కసారి గుండె కలుక్కుమంది. నేను వచ్చిన రోజునుంచీ ఈ పిల్లలకి నచ్చనేమోనని నా భయం. నేను నచ్చేస్తానేమోనని, పురిటి మంచం మీద పడుకుని ఈవిడ భయం! నిజం చెప్పాలంటే మొదటి పదిరోజులు రోజూ అడిగారు. తరవాత తరవాత మర్చిపోయారు. దీపావళి వెళ్ళాక ఒక్కరూ అడిగిన జ్ఞాపకం లేదు. ఆ మర్చిపోవడమే ఆ మూడు నెలల్లో నేను సంపాదించుకున్న ఆస్తి. దాన్ని ఎవరికైనా చెప్పుకోవాలని నాకు ఎంత ఉబలాటమో!

"మొదటిరోజే అడిగారండీ" అన్నాను. "ఆ తరవాత కూడా."

"రోజూనా?"

"రోజూ."

ఆవిడ మొహం ఎంత తేటపడిందో! నేనాడిన అబద్ధాల్లో నాకు పశ్చాత్తాపం లేనిది అదొక్కటే. ఎగ్మూరులో తరగతి పోగొట్టుకున్న ఆ పేరులేని ఆసామి గురించి చదివినప్పుడల్లా నాకు ఈవిడే గుర్తొస్తారు. మొండివాడని అందరం ఆయన్ని నవ్వుకుంటాం. ఎనిమిదేళ్ళవాడి తరగతిలోంచి పిల్లల గొంతులు వినబడుతుంటే ఆయనకి ఎలా ఉండేదో!

బెల్ దొర 1832లో పోయాడు. లండన్లో వెస్ట్ మినిస్టర్ ఆబీలో, పెద్దపెద్దవాళ్ళ పక్కన పడుకోబెట్టారు. ఆయన విడిచిపోయిన డబ్బుతో ఆయన సొంత ఊరు సెంట్ ఆండ్రూస్ లో 1833లో ఒక బడి వెలిసింది. దాని పేరేమిటో తెలుసా, మద్రాస్ కాలేజీ! చలిదేశంలో, సముద్రం పక్కన, మన మద్రాసు పేరుతో ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది. ఫ్రిస్కెన్ పేరుతో బడి లేదు. ఇసక పరిచిన వీధి పంతులు పేరు కూడా లేదు.

నా ఆఖరి పీరియడ్లో పిల్లలు మళ్ళీ నదుల పటం గీశారు, వీడ్కోలుకి. ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. నేను గోడవారగా నిలబడితే ఎవరో అడిగారు. "టీచర్, మీరు ఏ నదండీ?" నిజమే, నాకెవరూ నది ఇవ్వలేదు. మంచి నదులన్నీ అయిపోయాయి కూడాను.

మూడో బెంచీ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "టీచరు మున్నేరు" అంది.

"మున్నేరు నది కాదే, ఉపనది" అని గోదావరి సరిచేసింది.

"అయితేనేం? మన ఊరి నీళ్ళు అవే కదా" అని, సుద్దముక్కతో కృష్ణమ్మ మీదికి ఒక చిన్న గీత గీసి, ఆ గీతమీద నన్ను నిలబెట్టింది.